ఏ రాజరాజు? ఏ రుద్రదేవుడు?

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చరిత్రకు సంబంధించిన వాటిని వేరుచేసి చూస్తే, వాటిలో చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ప్రముఖులు ఉండటం, ఒకరి ఘనత మరొకరి ఖాతాలో పడటం, ఇంట్లో వాదులాట మొదలవడం, చివరికి ఉత్తరం మాకు చేరడం! విడివిడిగా జవాబు లిచ్చే బదులు ఈసారి ఆ ఉత్తరాలన్నిటినీ ఒక్కచోట చేర్చాము.

ప్రశ్న: చోళుల కథతో వచ్చిన సినిమాలు చూసినప్పటి నుంచీ మా పిల్లలు, తంజావూరు పెద్దగుడి కట్టించిన రాజరాజు, నన్నయ చేత భారతం రాయించిన రాజరాజు ఒకరేనా అని అడుగుతున్నారు. కుందవ్వ అన్న పేరు రెండు చోట్లా వినిపిస్తోంది. నిజం ఏమిటి?
(రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఒకరు కారు, కాని పరాయివాళ్లు కూడా కారు. తంజావూరు రాజరాజు తాత, రాజమహేంద్రవరం రాజరాజు ఆయన కూతురి కొడుకు. తాతగారి అసలు పేరు అరుళ్‌మొళి వర్మ. 'రాజరాజ' అన్నది ఆయన సింహాసనం ఎక్కిన తరువాత ధరించిన బిరుదు. 985 నుంచి 1014 వరకు రాజ్యం చేసి, 1010 నాటికి తంజావూరు బృహదీశ్వరాలయాన్ని పూర్తి చేయించినవాడు ఆయనే.

మనవడికి ఆ పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యులలో దానార్ణవుడనే రాజును 973లో జటాచోడ భీముడు సంహరించి రాజ్యం ఆక్రమించగా, దానార్ణవుని కొడుకులైన శక్తివర్మ, విమలాదిత్యులు చోళుల ఆశ్రయం పొందారు. దాదాపు పాతికేళ్లకు పైగా వేంగి వారి చేతిలో లేదు. రాజరాజ చోళుని సాయంతోనే శక్తివర్మ తండ్రి సింహాసనాన్ని తిరిగి సంపాదించుకున్నాడు, తమ్ముడు విమలాదిత్యుడు చోళరాజు కూతురు కుందవ్వను పెళ్లాడాడు. వారి కొడుకే రాజరాజ నరేంద్రుడు. మన ఇళ్లలో మొదటి మగపిల్లవాడికి సాధారణంగా నాన్నగారి తండ్రి పేరు పెడతారు. ఆ లెక్కన ఈ పిల్లవాడు దానార్ణవుడు కావలసింది. అమ్మ తండ్రి పేరు పెట్టుకున్నారంటే, పోయిన రాజ్యం ఎవరి దయవల్ల చేతికి వచ్చిందో ఆ కుటుంబం మరిచిపోలేదని అనుకోవచ్చు.

కుందవ్వల సంగతి కూడా ఇలాంటిదే. రాజరాజ చోళుని అక్క కుందవ్వ, వల్లవరైయర్ వంద్యదేవుని భార్య. సినిమాలో మీ పిల్లలు చూసినది ఆమెను. రాజరాజు తన కూతురికి అక్క పేరే పెట్టుకున్నాడు. వేంగికి కోడలిగా వచ్చినది ఈ రెండవ కుందవ్వ, అంటే మేనకోడలు.

తండ్రి తరువాత సింహాసనం రాజరాజ నరేంద్రునికి నల్లేరు మీద నడకగా రాలేదు. సవతి తల్లి కొడుకు విజయాదిత్యుడు పోటీకి వచ్చాడు. మేనమామ రాజేంద్ర చోళుని సైన్యం అండతో చివరికి శక సంవత్సరం 944లో, అంటే 1022లో, పట్టాభిషేకం జరిగినట్టు కోరుమెల్లి రాగి రేకులు చెబుతున్నాయి. ఆ మేనమామ కూతురు అమ్మంగదేవినే ఈయన పెళ్లాడాడు. కొడుకు పుడితే ఏ పేరు పెట్టారో ఊహించండి: రాజేంద్రుడు! మళ్లీ అమ్మ తండ్రి పేరే. ఈ రాజేంద్రుడే 1070లో చోళ సింహాసనానికి వారసుడు లేకుండా పోయినప్పుడు అక్కడికి వెళ్లి కులోత్తుంగ చోళుడన్న పేరుతో రాజయ్యాడు. ఈయన తిరిగి తన కొడుకులలో ఒకడికి రాజరాజు అని తన తండ్రి పేరు పెట్టాడు. ఆ కొడుకును వేంగికి ప్రతినిధిగా పంపితే, ఒక్క ఏడాదికే, రాజ్యభోగం కన్నా తల్లిదండ్రుల పాదసేవే మేలని తిరిగి వెళ్లిపోయాడట. అతని తమ్ముడు వీరచోడుని శాసనంలో ఈ ముచ్చట ఉంది. ఇలా అయిదు తరాలలో ముగ్గురు రాజరాజులు, ఇద్దరు రాజేంద్రులు. చోళులలో ఆ తరువాత కూడా దారాసురం గుడి కట్టించిన రాజరాజు ఒకరు, పదమూడవ శతాబ్దంలో మరొక రాజరాజు ఉన్నారు. వారితో ఇక్కడ మనకు పని లేదు.

నా పేరు మా తాతగారిదే. మామగారి పేరు నోటితో పలకకూడదని మా అమ్మ నన్ను పెద్దవాణ్ణయ్యేదాకా 'బాబూ' అనే పిలిచింది. చోళుల అంతఃపురంలో ఈ పట్టింపు ఎంత ఉండేదో గాని, ఒకే పేరుగల మనుషులను వేరుచేసి పిలుచుకోవలసిన అవసరం మాత్రం వారికీ కలిగే ఉంటుంది.

మీ ఊరి పేరు గురించి ఒక మాట. రాజరాజ నరేంద్రుని వల్లనే రాజమహేంద్రవరానికి ఆ పేరు వచ్చిందని అందరూ అనుకుంటారు. అయితే 'రాజమహేంద్ర' అన్న బిరుదు ఆయనకు వందేళ్ల ముందే, 922 ప్రాంతంలో రాజైన మొదటి అమ్మరాజుకు ఉంది. అందువల్ల ఊరి పేరు అమ్మరాజు నాటిదని చెప్పే చరిత్రకారులు కూడా ఉన్నారు. నాకు ఈ రెండవ వాదమే బలంగా కనిపిస్తుంది. నన్నయ ఘనత వల్ల రాజరాజ నరేంద్రుని పేరు జనం నోట నిలిచి, ఊరు కూడా ఆయన పేరున చలామణి అయి ఉండవచ్చు.

ప్రశ్న: బేలూరు వెళ్లినప్పుడు అక్కడి గుడిని విష్ణువర్ధనుడు కట్టించాడని చెప్పారు. మా పాఠంలో వేంగి రాజ్యాన్ని స్థాపించినవాడు కూడా విష్ణువర్ధనుడే. ఇద్దరికీ చుట్టరికం ఉందా?
(ఏలూరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: చుట్టరికం లేదు, కాలం కూడా కలవదు. వేంగి రాజ్యానికి ఆద్యుడు కుబ్జ విష్ణువర్ధనుడు. బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశికి తమ్ముడు. 624 నుంచి 641 వరకు పాలించాడు. బేలూరులో 1117లో చెన్నకేశవాలయాన్ని ప్రతిష్ఠించినవాడు హొయసల రాజు. ఆయన మొదటి పేరు బిట్టిదేవుడు. జైనుడైన ఆయన రామానుజాచార్యుల ప్రభావంతో విష్ణుభక్తుడై విష్ణువర్ధనుడన్న పేరు ధరించాడని సంప్రదాయం చెబుతుంది. పట్టపురాణి శాంతల మాత్రం జైనమతాన్ని విడవలేదు. ఇద్దరికీ మధ్య అయిదు వందల ఏళ్లు.

వేంగి చాళుక్యులకు ఇది ఒక మనిషి పేరుగా కాక, పట్టాభిషేక నామంగా వంతులవారీగా తిరిగింది. ఒక రాజు విష్ణువర్ధనుడైతే తరువాతివాడు విజయాదిత్యుడు, ఆ తరువాత మళ్లీ విష్ణువర్ధనుడు. పై జవాబులో చెప్పిన రాజరాజ నరేంద్రుడు కూడా శాసనాలలో విష్ణువర్ధన మహారాజే. ఇంతమంది ఒకే పేరుతో ఉంటే జనం ఊరుకోరు గదా. అందుకే కుబ్జ విష్ణువర్ధనుడు, కలి విష్ణువర్ధనుడు, గుణగ విజయాదిత్యుడు, కొల్లభిగండ విజయాదిత్యుడు అని పేరుకు ముందు ఒక గుర్తు తగిలించారు. అద్దంకిలో తరువోజ పద్యశాసనం వేయించిన పండరంగడు గుణగ విజయాదిత్యుని సేనాని. ఆ 'గుణగ' అన్న మూడక్షరాలు లేకపోతే ఆ సేనాని ఏ విజయాదిత్యుని కొలువులో ఉన్నాడో తేల్చడం కష్టమయ్యేది.

ప్రశ్న: గ్రూప్-2 పరీక్షకు చదువుతున్నాను. ఢిల్లీ సైన్యానికి చిక్కిన ప్రతాపరుద్రుడు, శ్రీకృష్ణదేవరాయలు ఓడించిన ప్రతాపరుద్రుడు ఒకరేనని నా గదిలో ఉండే మిత్రుడు వాదిస్తున్నాడు. వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడిని కూడా ఒక పుస్తకంలో ప్రతాపరుద్రుడనే రాశారు. దయచేసి విడదీసి చెప్పండి.
(హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ మిత్రునిది పొరపాటు, పుస్తకంలో రాసినది మాత్రం పొరపాటు కాదు. ముందుగా కాకతీయుల సంగతి చూద్దాం. ఆ వంశంలో రుద్రదేవ నామం మూడుసార్లు వస్తుంది, ముగ్గురూ సింహాసనం ఎక్కినవారే.

మొదటివాడు 1158 నుంచి 1195 వరకు పాలించిన రుద్రదేవుడు. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం ఆయనదే. చరిత్ర గ్రంథాలలో కొందరు ఆయనను మొదటి ప్రతాపరుద్రుడు అంటారు. ఆయన తరువాత తమ్ముడు మహాదేవుడు, అతని తరువాత మహాదేవుని కొడుకు గణపతిదేవుడు వచ్చారు.

రెండవ రుద్రదేవుడు పురుషుడు కాదు. గణపతిదేవుడు తన కూతురిని కొడుకుగానే పెంచి, తన పెదనాన్న పేరే పెట్టి వారసత్వం ఇచ్చాడు. 1262లో ఆమె రాజ్యానికి వచ్చిన తరువాత శాసనాలలో 'రుద్రదేవ మహారాజు' అని పురుషనామంతోనే కనిపిస్తుంది. మనం ప్రేమగా రుద్రమదేవి అంటాము గాని, ఆ కాలపు రాతిమీద చదివేవాడు జాగ్రత్తగా చూడకపోతే ఆమెను మగ రాజనే అనుకుంటాడు. ఆమె 1289లో మరణించిన సంగతి నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం వల్ల తెలిసింది.

మూడవవాడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. అమ్మమ్మ దత్తు తీసుకొని వారసుణ్ణి చేసిన ఈ మనవడిని శాసనాలు కుమార రుద్రదేవుడనీ, వీరరుద్రుడనీ, ప్రతాపరుద్రుడనీ పిలుస్తాయి. 1289 నుంచి 1323 వరకు పాలించి, ఓరుగల్లును ఢిల్లీ తుగ్లక్ వంశపు ఉలుగ్ ఖాన్ పట్టుకున్నప్పుడు బందీ అయి, ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మదా తీరంలో ప్రాణం విడిచినట్టు ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతుంది. విద్యానాథుడు సంస్కృతంలో ప్రతాపరుద్రీయమనే అలంకారశాస్త్రం రాసినది ఈయన పేరు మీదనే. అదే పేరుతో 1897లో వేదం వేంకటరాయ శాస్త్రిగారి తెలుగు నాటకం వచ్చింది. అది కూడా ఈ రాజు కథే కాబట్టి, పరీక్షలో ప్రతాపరుద్రీయం కర్త ఎవరని అడిగితే శాస్త్రగ్రంథమా, నాటకమా అని ముందు చూసుకోండి.

ఇక రాయలతో తలపడినవాడు గజపతి. కటకం రాజధానిగా ఒడిశాను ఏలిన సూర్యవంశపు పురుషోత్తమ గజపతి కొడుకు. 1497 నుంచి 1540 వరకు ఆయన కాలం. అంటే ఓరుగల్లు ప్రతాపరుద్రుడు బందీ అయిన 174 ఏళ్లకు ఈయన రాజ్యానికి వచ్చాడు. ఉదయగిరి, కొండవీడు వంటి తెలుగు దుర్గాలు అప్పట్లో గజపతుల చేతిలో ఉండేవి కాబట్టి మీ మిత్రుని పొరపాటును మరీ తప్పు పట్టలేము. రాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని పట్టుకున్నాడు. కొండవీటిలో బందీ అయిన వీరభద్రుడు ఈ ప్రతాపరుద్ర గజపతి కొడుకు. చివరికి గజపతి తన కూతురిని రాయలకు ఇచ్చి సంధి చేసుకోగా, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను రాయలు తిరిగి ఇచ్చాడు.

శాసనం దొరికితే బిరుదులు చూడండి. 'అనుమకొండ పురవరాధీశ్వర', 'చలమర్తిగండ' అని ఉంటే కాకతీయుడు. 'గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట' అంటూ మొదలైతే ఒడిశా రాజు. పరీక్ష బిట్టులో అంత అవకాశం ఉండదు కాబట్టి పక్కన ఎవరి పేరుందో చూడండి: తుగ్లక్ వంశం ప్రస్తావన ఉంటే ఓరుగల్లు, రాయలు గాని చైతన్య మహాప్రభువు గాని ఉంటే కటకం.

ప్రశ్న: భారతం రాసిన తిక్కన కత్తి పట్టి యుద్ధం కూడా చేశాడా?
(నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చేసినవాడు ఇంకొక తిక్కన, కవి తిక్కనకు పెదతండ్రి కొడుకు. మంత్రి భాస్కరుని కొడుకులలో సిద్ధనకు పుట్టినవాడు ఖడ్గ తిక్కన, కొమ్మనకు పుట్టినవాడు తిక్కన సోమయాజి. ఇద్దరూ పదమూడవ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులోనే ఉన్నారు. ఒకరికి సేన, మరొకరికి మంత్రాంగం, కవిత్వం. ఒకే ఇంట్లో, ఒకే కొలువులో ఒకే పేరుగల అన్నదమ్ములుంటే ఖడ్గమో యజ్ఞమో పేరుకు జోడించక తప్పలేదు.

పశువుల మేత పన్నైన పుల్లరి దగ్గర కాటమరాజుతో వచ్చిన తగవు యుద్ధానికి దారితీసింది. ఆ యుద్ధం నుంచి ఖడ్గ తిక్కన ఒకసారి వెన్నిచ్చి ఇంటికి వచ్చాడని, భార్య స్నానానికి మంచం అడ్డంపెట్టి పసుపుముద్ద ఉంచిందని చాటుకథ. ఏమిటిదంటే, మీ అమ్మా నేనూ ఇద్దరం ఉండగా నీతో కలిపి 'ముగురాడువారమైతిమి' అన్నదట. భోజనం దగ్గర తల్లి విరిగిన పాలు వడ్డించి, 'పసులున్ విరిగినవి తిక్క పాలున్ విరిగెన్' అన్నదట. యుద్ధంలో విరగడం, పాలు విరగడం ఒక్క మాటలోనే ఇమడటం తెలుగుకే చెల్లింది. ఆ తల్లి కూడా కవుల ఇంటి కోడలే గదా! తిక్కన తిరిగి యుద్ధానికి వెళ్లి ప్రాణాలిచ్చాడు. ఇది శాసనంలో లేదు, జనం చెప్పుకొన్నది మాత్రమే. కాని ఈ కథను తీసుకువెళ్లి భారత కవికి అంటగట్టడం అన్నిటికన్నా పెద్ద అన్యాయం.

ప్రశ్న: గణితంలో భాస్కరుడు, తెలుగులో భాస్కర రామాయణం, ఆకాశంలో భాస్కర ఉపగ్రహం. ఎంతమంది భాస్కరులున్నారు?
(హైదరాబాదు నుంచి ఒక గణిత ఉపాధ్యాయురాలు)

జవాబు: గణితంలోనే ఇద్దరు. మొదటి భాస్కరుడు ఏడవ శతాబ్దం వాడు, 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్య రాశాడు. రెండవవాడు లీలావతి ఉన్న సిద్ధాంత శిరోమణి కర్త. ఈయన తన పుట్టిన ఏడాదిని ఎలా చెప్పుకున్నాడో మీ తరగతిలో చూపిస్తే పిల్లలు సంతోషిస్తారు. 'రసగుణపూర్ణమహీ' శకంలో పుట్టానన్నాడు. రసాలు ఆరు, గుణాలు మూడు, పూర్ణం సున్న, మహి ఒకటి. 6, 3, 0, 1 అని వచ్చినదాన్ని కుడి నుంచి ఎడమకు తిప్పితే శకం 1036, అంటే 1114. ఆ వెంటనే 'రసగుణ' వర్షాల వయసులో గ్రంథం రాశానన్నాడు, అది 36. రెండూ కలిపితే 1150. ఇంత స్పష్టంగా చెప్పుకున్నవాడిని మరొకడిగా పొరబడే అవకాశమే లేదు.

ఆయన మనవడు చంగదేవుడు మహారాష్ట్రలోని పాటణంలో వేయించిన 1207 నాటి శాసనంలో వంశక్రమం ఉంది. అందులో ఈయనకు అయిదు తరాల ముందు భోజరాజు చేత విద్యాపతి బిరుదు పొందిన భాస్కరభట్టు ఇంకొకడు కనిపిస్తాడు. అక్కడ కూడా ముత్తాతల పేరే తిరిగి వచ్చిందన్నమాట.

తెలుగులో మంత్రి భాస్కరుడు, హుళక్కి భాస్కరుడు ఇద్దరు. మంత్రి భాస్కరుడు పై జవాబులోని తిక్కనల తాత. నిర్వచనోత్తర రామాయణంలో మనవడు తిక్కన సోమయాజి ఆయనను 'గుంటూరి విభుని' అని తలుచుకున్నాడు. రామాయణం హుళక్కి భాస్కరుడు ఒక్కడే రాసినది కాదు. కొడుకు మల్లికార్జున భట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు కూడా కలిశారు. పేరు ఒకటే కావడం వల్ల ఇది మంత్రి భాస్కరుని రచన కావచ్చునని పండితులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. ఈ కుమార రుద్రదేవుడు ఎవరన్న ప్రశ్నతో హనుమకొండ పాఠకుడు మళ్లీ ఉత్తరం రాస్తాడేమోనని భయంగా ఉంది.

ఉపగ్రహాలు రెండు, 1979 జూన్ 7న ఒకటి, 1981 నవంబరు 20న మరొకటి వెళ్లాయి. గణితవేత్తలైన ఇద్దరు భాస్కరుల గౌరవార్థం వాటికి ఆ పేరు పెట్టారు.

ప్రశ్న: మొదటి, రెండవ అనే సంఖ్యలు ఆ రాజులే పెట్టుకునేవారా?
(విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పెట్టుకోలేదు. అవి ఆధునిక చరిత్రకారులు తమ సౌకర్యానికి చేర్చుకున్నవి. అందుకే ఒక పుస్తకంలో ఉన్న సంఖ్య మరొక పుస్తకంలో ఉండదు. కాకతీయ రుద్రదేవుడిని ప్రతాపరుద్రుడని లెక్కించినవారికి రుద్రమదేవి తరువాతి ప్రతాపరుద్రుడు రెండవవాడు, లెక్కించనివారికి ఒక్కడే. రాజులు చెప్పుకున్నది తండ్రి పేరు, తాత పేరు, శక సంవత్సరం, తమ పాలనలో ఎన్నవ ఏడన్నది. నన్నయ రచించిన నందంపూడి శాసనం రాజరాజ నరేంద్రుని 32వ రాజ్యవర్షానిది, అంటే 1053 నాటిది.

వేంగి చాళుక్యుల రాగి రేకులలో ఇంకొక మంచి అలవాటు ఉంది. దానం ఇచ్చే రాజు తనకు ముందు ఎవరెవరు ఎంతకాలం పాలించారో వరసగా చెప్పుకుపోతాడు. విష్ణువర్ధనుడన్న పేరు రాగానే కంగారు పడనక్కరలేదు. పక్కన పద్దెనిమిది ఏళ్లు అని ఉంటే అతడు కుబ్జుడు, ఏడాదిన్నర అని ఉంటే కలి విష్ణువర్ధనుడు. విజయాదిత్యుల వరసలో కేవలం పదిహేను రోజులు ఏలినవాడు కూడా ఒకడున్నాడు, బేత విజయాదిత్యుడు. అతన్ని గద్దె దింపిన తాళపరాజుకు ఆ రేకులు ఇచ్చిన లెక్క ఒక నెల.